అవసరం లేదు

చాలా ఏళ్లుగా ఒక మాట నా లోపల బరువుగా ఉండిపోయింది. నేను చెప్పింది అబద్ధం కాదు. మునుసామి చెప్పమన్న మాటనే అక్షరం మారకుండా చెప్పాను. తప్పు అందులోనే ఉంది.

మునుసామి, నేను పుదుచ్చేరిలో ఒకే మిల్లులో పనిచేసేవాళ్లం. అతను మోటార్ల మెకానిక్కు, నేను ఆఫీసు గుమాస్తా. మిల్లు మూసేస్తారన్న పుకారు లేచినప్పుడల్లా అతను ఒకటే అనేవాడు. "వాళ్లు పొమ్మంటే యాడకి పోతామన్నా? అంతలోపల మనకంటూ ఒక షాపు ఉండాల. మోటార్లు నేను చుడతా, లెక్కలు నువ్వు చూడు."

విల్లియనూరులో రైతుల పంపు మోటార్లు కాలిపోతే మళ్లీ తీగ చుట్టి ఇచ్చే షాపు. సరేనన్నాను. బోర్డు మీద ఎవరి పేరు ముందుండాలని సాయంత్రాలు నవ్వుకుంటూ వాదించుకున్నాం. గది కూడా చూశాం. ఇద్దరం రాజీనామా ఇవ్వడమే మిగిలింది.

అప్పుడే అతని తల్లికి జబ్బు చేసింది. కడలూరుకు బయల్దేరుతూ అన్నాడు. "గది ఆమె వచ్చి అడిగితే అవసరం లేదని చెప్పన్నా. అమ్మకి నెమ్మదించినాక నేనే వచ్చి తాళంచెవి తీసుకుంటా."

మా ఇళ్ల తెలుగులో అవసరం అంటే తొందర. అరవంలో అంతే కదా. గది యజమానురాలు నెల్లూరు నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. ఆమెకు ఆ మాట అర్థం వేరు. నాకు రెండూ తెలుసు.

ఆమె వచ్చింది.

"ఏం నాయనా, ఇంకొకరు గది అడగతా ఉండారు. మునుసామి ఏమన్నాడు?"

"అవసరం లేదన్నాడమ్మా."

"గది వద్దన్నాడా?"

"అవసరం లేదనే అన్నాడు."

"ముందే చెప్పుంటే ఈ ఎండలో నాకు నడక తప్పేది గదా. సరేలే, వాళ్లకే ఇచ్చేస్తా."

ఆమె వీధి మలుపు తిరిగేదాకా నిలబడ్డాను. పిలవవచ్చు. పిలవలేదు. ఎందుకు? నెలజీతం వదులుకోవడానికి భయం. ఆ భయం మునుసామితో చెప్పుకోవడానికి సిగ్గు. నేను వెనక్కి తగ్గానన్న పేరు రాకుండా షాపే దానంతటది రాకుండా పోతే బాగుండునని ఎంతగా కోరుకుంటున్నానో ఆ మలుపు వైపు చూస్తూ నిలబడినప్పుడే నాకు తెలిసింది. డైరీ రాయని రోజు లేదు నాకు. ఆ రోజు ఎండ గురించి రాశాను.

తిరిగొచ్చిన మునుసామి సంగతి విని తల పట్టుకొని నవ్వాడు. ఇంకో గది చూద్దామన్నాడు. నేను వాయిదాలు వేశాను. అడగడం మానేశాడు. మిల్లు మూతపడింది. నాకు వేరే ఆఫీసులో చోటు దొరికింది. అతను ముసలివాడయ్యేదాకా ఇంకొకరి షాపులో కూలికి మోటార్లు చుట్టాడు.

విల్లియనూరు బస్సులో ఇప్పటికీ ఆ గది కనిపించే వైపే కూర్చుంటాను. అక్కడ సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. నాకు మాత్రం చుట్టిన మోటార్లకు పూసే వార్నిష్ వాసన వస్తుంది, రెండు కుర్చీలు కనిపిస్తాయి. పోగొట్టింది అతని షాపునే అనుకున్నాను. అందులో నా కుర్చీ కూడా ఉండేదని ఇంత ఆలస్యంగా ఎందుకు తెలిసింది?

సాయంత్రాలు బీచిలో కలుస్తాం. తెలిసినవాళ్లు కనిపిస్తే ఆ కథ అతనే చెప్తాడు. "మా అన్న ఉత్త అమాయకుడు. నా అరవ తెలుగు తీసుకుపోయి నెల్లూరామె ముందర పెట్టినాడు. షాపు గోవిందా." అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను.

మీతో చెప్పాను. కొంచెం ఊపిరి ఆడుతోంది. మునుసామికి తెలుగు చదవడం రాదు. అది తెలిసే తెలుగులో రాశాను.