అమ్మ కాళ్లకు మంచు బూట్లు

నాన్న పోయింది జనవరిలో. అక్క రాలేకపోయింది. హిమాచల్ కొండల్లో ఒక చిన్న మిషన్ ఆసుపత్రిలో అక్క నర్సు. అక్కడి మనిషినే పెళ్లి చేసుకుని అక్కడే ఉండిపోయింది. ఆ వారం మంచు కురిసి ఘాట్ దారులన్నీ మూసేశారు. మదనపల్లెలో, సమాధుల దగ్గర, నేను ఫోన్ పైకెత్తి పట్టుకుని నిలబడితే అందులోంచి చూసింది అక్క. పెట్టె గుంతలోకి దిగుతుండగా బొమ్మ ఆగిపోయింది. మళ్లీ కలవలేదు.

అమ్మ అక్కను ఒక్క మాట అనలేదు. కానీ తర్వాత ఎప్పుడో, అన్నం తింటూ తింటూ, "ఆ మంచు ఎట్లుంటాదో ఒకసారి సూడాల పాపా" అంది.  

ఆ ఏడే వానాకాలంలో అక్క ఫోన్ చేసింది. నెల తప్పిందట. చాలా ఏళ్ల తర్వాత నిలిచిన కడుపు. కాన్పు నడి చలికాలంలో. "నువ్వు రావాలమ్మా. నువ్వుంటే నాకు ధైర్యంగా ఉంటాది" అంది. ఇన్నేళ్లు హిందీలో బతికినా అమ్మతో మాట్లాడేటప్పుడు అక్క మాట మారలేదు. చివర్లో నాతో, "అమ్మకు మంచి బూట్లు కొను. ఈడికొచ్చినాక కొందామంటే టౌను దూరం" అని చెప్పింది.

నేను కూడా నర్సునే, మదనపల్లెలో. ఆసుపత్రి వెనక క్వార్టర్స్‌లో అమ్మా నేనూ ఉంటాం. స్వెట్టర్లు, శాలువాలు, మంకీ క్యాపు సులువుగానే దొరికాయి. మా ఊళ్లో చలి లేకపోలేదు. బూట్ల దగ్గరే వచ్చింది కష్టమంతా. అమ్మ జీవితంలో మూసి ఉండే చెప్పు తొడగలేదు. చిన్నప్పుడు రామకుప్పం పక్క పల్లెలో చెనిక్కాయల చేలల్లో చెప్పుల్లేకుండా తిరిగిన కాళ్లు అవి. ముందువైపు విసనకర్రలా పరుచుకుని ఉంటాయి.

ఆన్‌లైన్‌లో తెప్పించిన జత మడమ దాకా కూడా ఎక్కలేదు. వెనక్కి పంపేశాను. బజార్లో పెద్ద చెప్పుల షాపులో అడిగితే అతను గంబూట్లు తెచ్చి ముందు పెట్టాడు. వానాకాలంలో టమోటా మార్కెట్లో బురదలో తిరిగేవాళ్లు కొనుక్కునేవి.

"ఇవి కాదప్పా, మంచులో ఏసుకునేటివి" అంది అమ్మ.

"మంచులోకి నువ్వు యాలమ్మా పోయేది?"

"కూతురి కాన్పుకు."

అతను గంబూట్లు తీసేసి, స్టూలు తెచ్చి అమ్మను కూర్చోమన్నాడు. ఉన్న బూట్లన్నీ దింపాడు. ఏదీ పట్టలేదు. చివరికి, పుంగనూరులో ఒక షాపువాళ్లు బెంగళూరు నుంచి రకరకాల సరుకు తెస్తారని, అక్కడ చూడమని చెప్పాడు.

ఎలాగూ మామకు చెప్పి రావాలి. అమ్మ తమ్ముడు మిలిటరీలో, మంచు కొండల్లో చేసి వచ్చి ఆ పల్లెలోనే సేద్యం చేసుకుంటున్నాడు. ఆదివారం చర్చి అయ్యాక బస్సెక్కాం. పుంగనూరులో దిగి ఆ షాపుకు వెళ్తే ఆడవాళ్ల బూట్లు ఒకే ఒక్క జత ఉన్నాయి. గులాబీ రంగు, మడమ ఎత్తు, పైన బొచ్చు. అమ్మ వాటిని చేతిలోకి తీసుకుని బొచ్చును నిమిరి, "కోడిపిల్ల మాదిరి ఉండాది" అని నవ్వి అక్కడే పెట్టేసింది. నాన్న పోయాక అమ్మ అలా నవ్వడం నేను చూడలేదు.

సాయంత్రానికి మామ ఇంటికి చేరాం. ఆ వారమే ఏనుగులు దిగి రాగిచేను తొక్కేశాయని అత్త చెప్పింది. మామ అమ్మ ప్రయాణం సంగతి విని చాలాసేపు ఆమె కాళ్ల వైపే చూశాడు.

"ఆడోళ్ల బూట్లు నీకు పట్టవక్కా. మొగోళ్లవే తీసుకుందాం. ఒక నంబరు పెద్దది, లోపల రెండు జతల సాక్సులు. పొద్దున కుప్పం పోదాం."

కుప్పంలో ఆయన తీసుకెళ్లింది బస్టాండు దగ్గరి ఇరుకైన షాపుకు. కాలేజీ పిల్లలు ట్రెక్కింగ్‌కు వెళ్లేముందు కొనుక్కునే బూట్లు అక్కడ వరసగా వేలాడుతున్నాయి. మామ ఒక గోధుమరంగు జత దింపించాడు. అడుగు వంచి చూశాడు, లోపల చెయ్యిపెట్టి తడిమాడు. అమ్మ కూర్చుంది. ఉన్ని సాక్సులు తొడిగాక కాలు మెల్లగా లోపలికి జారింది. లేసులు పట్టుకుని ఏం చెయ్యాలో తెలియక నా వైపు చూసింది. నేను వంగేలోగా మామ కింద కూర్చుని ఆమె పాదాన్ని తన మోకాలి మీద పెట్టుకున్నాడు.

"లెయ్‌రా, అందరూ సూస్తాండారు."

"సూడనీలే."

నిదానంగా బిగించాడు. అలా బిగిస్తూ ఉండగా అమ్మ అడిగింది: "ఆ మంచులో అన్నేండ్లు ఉండావే, మేమెప్పుడన్నా గుర్తొచ్చేవాళ్లమా?"

మామ తలెత్తలేదు. "సంగటి గుర్తొచ్చేది" అన్నాడు. ముడి వేశాక, "దాని ఎనకాల్నే నువ్వు. ఎప్పుడూ నువ్వే గదా పెట్టింది" అన్నాడు.

అమ్మ లేచి షాపులోనే అటూ ఇటూ నడిచింది. చీర కుచ్చిళ్ల కింద ఆ బూట్లు చూస్తే నాకు నవ్వు రావాలి. రాలేదు.

బయలుదేరేదాకా రోజూ సాయంత్రం వాటిని వేసుకుని క్వార్టర్స్ వసారాలో నడక నేర్చుకుంది. లేసులు కట్టడం కూడా నేర్చుకుంది. డ్యూటీ దిగి వచ్చే నర్సు పిల్లలు, "అమ్మా, మార్చింగా?" అని అడిగేవాళ్లు. "మనవరాల్ని సూసేదానికి" అనేది. మనవరాలేనని ఆమెకు ఎలా తెలుసో.

రైళ్లు, బస్సులు మారి మేమిద్దరం చేరేసరికి అక్క రోడ్డు మీదికే వచ్చి నిలబడి ఉంది, నిండు కడుపుతో. అమ్మ ఆమె మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. ఇద్దరూ నాన్న మాట ఎత్తలేదు. అక్కడ చలి ఉంది కానీ మంచు లేదు. కొండల మీద మాత్రం తెల్లగా కనిపించేది. అమ్మ రోజూ పొద్దున్నే కిటికీ దగ్గర నిలబడి చూసేది.

ఒక ఉదయం లేచేసరికి అంతా తెలుపు. అమ్మ బూట్లు తొడుక్కుని, లేసులు తనే కట్టుకుని, మమ్మల్ని పిలవకుండా వాకిలి దాటి వెళ్లింది. నేను అక్క పక్కన గడప దగ్గర నిలబడ్డాను. అమ్మ వంగి ఒక గుప్పెడు తీసుకుంది. అది వేళ్ల మధ్య కరిగిపోయేదాకా చూసింది.

"ఇంత మెత్తగుండాదే" అంది. మళ్లీ, మాతో కాదన్నట్టు, "దీనికేనా నా బిడ్డ రాలేకపోయింది" అంది.

అక్క తలుపు చెక్కను పట్టుకుని ఏడ్చింది. ఏడాదిగా ఆపుకున్నదంతా ఏడ్చింది. అమ్మ తిరిగి వచ్చి, తడి చేత్తోనే ఆమె వీపు నిమురుతూ, "నిన్ననలేదమ్మా, దాన్నన్నాను. నీ తప్పేముండాది" అంది.

అమ్మ అన్నట్టే ఆడపిల్ల. నా సెలవు అయిపోయి నేను తిరిగి వచ్చేశాను. అమ్మ ఎండాకాలం దాకా ఉంటానంది. పాలావిడతో హిందీలో బేరం చేస్తోందట. ఫోన్లో మాట్లాడుతుంటే వెనకాల పాప ఏడుపు, అక్క నవ్వు వినిపిస్తాయి. పాపను ఎత్తుకోవడానికి ఫోన్ వదిలి వెళ్తారు, మళ్లీ వచ్చి ఇద్దరూ ఒకేసారి మాట్లాడతారు. నేను వింటూ కూర్చుంటాను.

నిన్నటి నుంచి కలవడం లేదు. మంచు బాగా పడుతుంటే టవర్ పనిచేయదని అక్క ముందే చెప్పింది. అయినా టీ పెట్టుకుంటూ ఒకసారి, డ్యూటీకి వెళ్లేముందు ఒకసారి కలిపి చూశాను. ఇప్పుడు మళ్లీ చూడాలి.