పలక అడుగున బొటనవేలు

మా తాలూకా కర్నూలు జిల్లా నుంచి ప్రకాశంలోకి వచ్చిన కొత్తలో, బడిలో డ్రాయింగ్ మాస్టరైన మా అన్న ఒక కార్టూన్ సినిమా తీశాడు. బలపంతో పలక మీద బొమ్మ గీయడం, అరువు కెమెరాతో ఫొటో తీయడం, కొంచెం చెరిపి మళ్ళీ గీయడం. ఆరు నిమిషాల బొమ్మకు రెండేళ్ళు పట్టింది. పలక వెడల్పు పన్నెండు అంగుళాలు, ఎత్తు తొమ్మిది. కెమెరా చట్రానిదీ అదే లెక్కని ఆ సైజే తీసుకున్నాడు. ఒకచోట మాత్రం చెయ్యి తీయడం మరిచాడు. పలక అడుగున బొటనవేలు పడింది. బతికినన్నాళ్ళూ ఆ తప్పుకు సిగ్గుపడ్డాడు. అన్న పోయాక మా వదిన ఆ వేలి కోసమే సినిమా చూసేది.

రీలు పెళుసుబారుతోందని, డీవీడీ చేయించడానికి హైదరాబాదులో ఒక స్టూడియోకు పంపాను. మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో ముప్పయ్యొక్క ఏళ్ళు సైజులు చూసినదాన్ని. అంచు పెచ్చులూడిన పలకను మేము పారేయం, చుట్టూ కోసి చిన్న చట్రంలో బిగిస్తాం. ఆ అలవాటుతోనే చీటీ రాశాను: “అంచులు చెడినవి. బాగున్నంత మేర ఉంచి కోసుకోవచ్చు.”

మంగళవారం పదకొండున్నరకు స్టూడియో ఆయన ఫోన్ చేశాడు.

“అమ్మా, ఇప్పటి టీవీలకు సరిపోయేట్టు పైనా కిందా కోసేస్తున్నాం. మీరు రాసిందే కదా.”

సరేనని పెట్టేశాను. తరువాత టేపు తెచ్చి మా టీవీ తెర కొలిచాను. వెడల్పు ముప్పయ్యారు, ఎత్తు ఇరవయ్యుంబావు. ఆ లెక్కన పన్నెండు వెడల్పుకు ఎత్తు ఆరుముప్పావే వస్తుంది. కింద పోయేది అంగుళానికి పైమాటే. వేలు అంగుళం కూడా లేదు.

స్టూడియోకు నాలుగుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. కోసిన పలక మళ్ళీ పెరగదు. రీలునూ కత్తెరతో అట్లాగే కోస్తారనుకున్నాను. వదినకు చెప్పక తప్పలేదు.

“వేలు పోతాదా?”

“పోవచ్చు.”

“కోయమని రాసిందెవురు?”

“నేనే.”

“ముప్పై ఏండ్లు పలకలు కోసినావు. చాల్లేదా నీకు?” అని చెప్పులేసుకుంది. “పా, బస్సు చూసుకుందాం.”

మేము హైదరాబాదు చేరేసరికి స్టూడియో షట్టరు సగం దించి ఉంది. వంగి లోపలికి దూరాం.

“రీలు కోయలేదమ్మా, కంప్యూటర్లో కోశాం,” అని ఆయన బొమ్మ వేశాడు. ఆ చోటు వచ్చింది, పోయింది. వేలు లేదు. వదిన గోళ్ళు నా మోచేతిలో దిగాయి.

“ఉన్నదంతా వెయ్యి నాయనా,” అన్నాను.

“పక్కల నల్లగా వస్తుందమ్మా. చెడిన అంచులు కనపడతాయి. బాగుండదు.”

“బాగుండకపోనీ.”

మళ్ళీ వేశాడు. అడుగున, ఒక గీత అడ్డంగా పడి, వేలు కనిపించింది.

“ఉండాడు,” అంది వదిన.

అక్కడే కొత్త చీటీ రాశాను: “ఏ వైపూ కోయరాదు.”

ఇప్పుడు మా టీవీలో ఆ సినిమా వేస్తే రెండు పక్కలా నాలుగున్నర అంగుళాలు నలుపు. చూడవచ్చినవాళ్ళు “తెర నిండా రాలేదేంది?” అని రిమోట్ అందుకుంటారు. తెర నింపే బటన్ ఒకటుంది. నొక్కితే వేలు పోతుంది. మళ్ళీ నొక్కితే వస్తుందని తెలుసు. అయినా వదిన ఆ బటన్ మీద ప్లాస్టర్ అంటించింది. సినిమా వేసే ముందు అది ఊడిందేమోనని గోటితో తడిమి చూసుకుంటాను.