గచ్చుకు రుద్దిన మైనం

మా చిన్నప్పుడు... ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో, మా రైల్వే క్వార్టర్లో కొవ్వొత్తి ముక్క ఒక్కటి కూడా పారేసేవాళ్ళం కాదు. కరెంటు పోయినప్పుడు వెలిగించగా మిగిలినవి, క్రిస్మస్ అయ్యాక పక్కింటి మేరీ అత్త ఇచ్చినవి... అన్నీ అమ్మ ఒక రేకు డబ్బాలో దాచేది. ఇస్త్రీపెట్టె అడుగున రుద్దేది, సూదిదారానికి పట్టించేది, ఊరికి రాసే కార్డు మీద చిరునామా వానకు చెరగకుండా పూసేది.

అమ్మకు తెలియని వాడకం ఒకటి నేను కనిపెట్టాను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. అక్కను మేం అప్ప అని పిలిచేవాళ్ళం. ఎనిమిదో నెలలో పురిటికి వచ్చి ఉంది. మర్నాడు వాల్తేరు నుంచి వాళ్ళ అత్తగారు చూడడానికి వస్తున్నారని ఇల్లంతా హడావిడి.

మేరీ అత్త ఆఫీసరు బంగళాలో పనిచేసేది. అక్కడ గచ్చుకు కొవ్వొత్తి రుద్ది కొబ్బరిపీచుతో తోమితే ముఖం కనబడుతుందని చెప్పేది. మా ఎర్ర సిమెంటు గచ్చు కూడా అలా మెరిస్తే అప్ప అత్తగారు ముక్కున వేలేసుకోరూ! మధ్యాహ్నం అమ్మ వంటింట్లో ఉంది, మామ్మ కునుకు తీస్తోంది. ముందుగది అంతా రుద్ది రుద్ది తోమాను. నిజంగానే మెరిసింది. నా అంత పనిమంతురాలు లేదని మురిసిపోయాను.

అప్ప కొళాయి దగ్గర కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చింది... తడి కాళ్ళతో.

ఆ చప్పుడు ఎలా ఉందో నేను రాయలేను.

అమ్మ, మేరీ అత్త కలిసి రిక్షాలో ఆస్పత్రికి తీసుకెళ్ళారు. నన్ను మామ్మ దగ్గర వదిలేశారు. నేను బూడిద, వేడినీళ్ళు తెచ్చి గచ్చు తోమడం మొదలుపెట్టాను. మైనం ఒక పట్టాన వదలదే... కడుపులో బిడ్డ పోతే చంపింది నేనే అవుతాను కదా. మామ్మ దేవుడికి ముడుపు కట్టి, ఇంత కష్టంలోనూ ఇల్లు కడుగుతున్నానని నన్ను మెచ్చుకుంది. ఆ మెప్పుకు ఏడుపు ఆగలేదు.

వర్క్‌షాపు నుంచి వచ్చిన నాన్న మంచినీళ్ళు కూడా తాగకుండా ఆస్పత్రికి సైకిల్ తొక్కుకుంటూ వెళ్ళిపోయారు.

మర్నాడు అప్పను ఇంటికి తెచ్చారు. బిడ్డ కదులుతోందట, కానీ పురుడు అయ్యేదాకా ఏదీ చెప్పలేమన్నారట డాక్టరు. అరికాలికి అంటిన మైనం చూసి పోల్చుకుందో ఏమో, అప్ప నన్ను దగ్గరికి పిలిచి మెల్లగా అంది.

"ఎవులికీ సెప్పకు. తడి కాళ్ళతో నానే జారిపోనానని సెప్పీసినాను."

సాయంత్రం అత్తగారు దిగారు. అప్పను అందరి ముందూ నిలబెట్టి కడిగేసినంత పని చేశారు. "కడుపుతో ఉన్నదానివి, ఆమాత్రం ఒళ్ళు తెలీదేటి నీకు?" అన్నారు. అప్ప తల దించుకుని వింది. నేను తలుపు చాటున ఉన్నాను. నోరు తెరిస్తే చాలు... తలుపు వెనక్కి ఇంకా ఒదిగిపోయాను.

ఆ నెలంతా రోజూ బడికి వెళ్ళేముందు అప్ప పొట్ట మీద చెయ్యి పెట్టేదాన్ని. కదలిక తెలియని రోజున బడి ఎగ్గొట్టి మంచం పక్కనే కూర్చునేదాన్ని.

ఆడపిల్ల పుట్టింది. క్షేమంగానే పుట్టింది. కానీ ఆ పిల్లకు జ్వరం వచ్చినా, నడక ఆలస్యమైనా, అత్తగారు పాత సంగతి తవ్వేవారట. అప్ప ఏళ్ళ తరబడి ఆ మాట పడింది. ఒక్కసారి కూడా నా పేరు ఎత్తలేదు. పోయినేడు మమ్మల్ని వదిలి వెళ్ళిపోయింది.

ఇప్పుడు కొవ్వొత్తి అంటే కేకు మీద పెట్టి, ఊది, చెత్తబుట్టలో వేసేది. దాచేవాళ్ళూ లేరు, తమ్ముడికో చెల్లికో వచ్చే మాటను ఇలా తామే పడేవాళ్ళూ తగ్గిపోయారు. మీ కోసం అలా మాట పడ్డవాళ్ళు ఎవరు? కింద రాయండి, చదవాలని ఉంది...

అప్ప కూతురు కూడా ఈ పోస్టు చూస్తుంది. మీ అమ్మ అజాగ్రత్త మనిషి కాదు తల్లీ... ఆ రోజు పడేసింది నేను.