ఎల్లేశం ఇంట్లో మూడు గిటార్లు

మాదాపూర్ ఎల్లేశం పెళ్లిళ్లలో గిటారు వాయించేవాడు. అతనితో కలిసి వాయించే అన్నదమ్ములు మొగులయ్య, అంజయ్య 1972 వేసవిలో ఒక పెళ్లి నుంచి తిరిగి వస్తుండగా లారీ బోల్తాపడి చనిపోయారు. ఎల్లేశం బతికాడు. మూడు గిటార్లూ మిగిలాయి.

"ఇవి కండ్ల ముందుంటే నాకు పానం ఆగదు. నీ ఇంట్లనే పెట్టుకో అన్నా," అంది మొగులయ్య భార్య బాలమణి.

ఎల్లేశానిది ఒక్క గది. గోడకు తగిలిద్దామంటే మట్టిగోడ నిండా చెదలు. అటక మీద పెడదామంటే పెంకుల వేడికి అతుకులు విడిపోతాయి. చివరికి తన మంచం విప్పించి, ఆ చెక్కతో వడ్రంగి చేత మూడు గళ్ల స్టాండు చేయించాడు. గిటార్ల మెడలు ఆనేచోట గొంగడి ముక్కలు చుట్టాడు. తాను నేలమీద పడుకున్నాడు.

ఆ ఏడు వానలు పడలేదు. దసరా ముందు బాలమణి వచ్చి, స్టాండు ముందు చాలాసేపు కూర్చుంది.

"ఆయనది నాకియ్యి అన్నా. ఇల్లు మరీ బోసిగున్నది."

"చెదలు తింటయి బాలమణీ. యాడ పెడతవ్?"

"గుమ్మిల పెడత. పేడతోని అలికిన."

వడ్లు పోసుకునే గుమ్మిలో గిటారేమిటని అడగబోయి ఎల్లేశం ఆగిపోయాడు. తానే మోసుకెళ్లి అందులో నిలబెట్టాడు. గుమ్మి అడుగున ఒక్క గింజ లేదు.

ఇంటికొచ్చి, ఉన్న జొన్నల్లో సగం మూటకట్టి ఆమెకు ఇచ్చివచ్చాడు. సంక్రాంతిలోపే తన గిటారు అమ్మేశాడు. అంజయ్యది మాత్రం అమ్మలేదు.