లితియా ఆంటీ అల్లిన చాపలు

నేను లీడ్స్‌కి నర్సుగా వచ్చిన కొత్తలో మా చర్చి నుంచి నలుగురం సేవకని ఫిజీ దీవులకు వెళ్లాం. అక్కడ విశ్వాసురాలైన లితియా ఆంటీ ఇంట్లో బస. ఉన్న మంచాలన్నీ మాకిచ్చి, ఆ ఇంటిల్లిపాదీ వంటగదిలో చాపల మీద పడుకున్నారు. మేం తిన్నాకే వాళ్లు తిన్నారు.

మరుసటి ఏడాది, బ్రిటిష్ సైన్యంలో చేరి, మా ఊరి దగ్గర బ్యారక్స్‌లో ఉంటున్న కొడుకును చూడ్డానికి ఆంటీ మా ఊరు వస్తోందని తెలిసింది. ఆరాధన అయ్యాక పాస్టరుగారు, "ఎవరింట్లో ఉంచుదాం?" అని అడిగారు. నాతో ఫిజీ వచ్చిన ముగ్గురూ అక్కడే ఉన్నారు. అందరివీ పెద్ద ఇళ్లే. ఒకావిడ స్పేర్ రూమ్‌కి రంగులు వేయిస్తున్నామంది. ఇంకొకాయన టీ తాగుతూ, "హోటల్ అయితే ఆవిడకే హాయి" అన్నాడు. మూడో ఆయన తలూపాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "మీరు ఆవిడ మంచాలెక్కి పడుకున్నప్పుడు హోటల్ గుర్తు రాలేదా?" అని అందరి ముందూ అరిచేశాను. ఆంటీ మా ఇంట్లోనే ఉంటుందని పాస్టరుగారికి చెప్పేశాను.

మాది ఒక్క గది ఫ్లాట్. "ఎక్కడ పడుకోబెడతావే?" అన్నారు మావారు.

"మన మంచం మీద. మనం కింద."

ఆంటీ వస్తూనే తనతో తెచ్చిన పెద్ద చుట్ట విప్పింది. మా నలుగురి కోసం తన చేత్తో అల్లిన నాలుగు చాపలు! ఒకటి నాకిచ్చి, "మిగతా ముగ్గురూ పిలిచినప్పుడు వెళ్లి ఇస్తాను" అంది. ఎవరూ పిలవలేదు. వెళ్లేటప్పుడు ఆ మూడూ నా చేతిలో పెట్టి, వాళ్లకు అందజేయమంది.

నేను ఇవ్వలేదు. క్షమించమని ప్రభువు చెప్పాడని నాకూ తెలుసు. అయినా ఇవ్వను. మా ఇంటికి ఎవరైనా వస్తే వాళ్లకు మంచమిచ్చి, ఆ చాపల మీద మేం పడుకుంటున్నాం.

– ఎస్తేరు, లీడ్స్