మేం ఆటోలో చూసిన ఎపిసోడ్

ఆ రోజుల్లో మా ఊళ్ళో కరెంటుకు వంతులుండేవి. ఒక వారం పొద్దున తీసేవారు, మరుసటి వారం సాయంత్రం. శనివారం సాయంత్రం టీవీలో హాస్టల్ పిల్లల కామెడీ సీరియల్ ఒకటి వచ్చేది. అదంటే నాకు ప్రాణం, కానీ వారం విడిచి వారమే చూడగలిగేదాన్ని. నేరేడుచర్ల బడికి మేం వెళ్ళే షేర్ ఆటోలో దాన్ని చూసేది నేనొక్కదాన్నే (మిగతావాళ్ళవి వేరే ఊళ్ళు, వాళ్ళ కరెంటు వంతులు వేరు; ఆ టైముకు వాళ్ళ ఇళ్ళలో అత్తాకోడళ్ళ ఏడుపులు నడిచేవి). సోమవారం కథ చెబితే నాకు వెనక మెత్తటి సీటు దక్కేది. చెప్పకపోతే ఎదురుగా ఉన్న చెక్క మీద సగం కూర్చుని సగం వేలాడాలి. అందుకని కరెంటు లేని వారం కథ నేనే అల్లేసేదాన్ని, ఏమాత్రం సిగ్గు లేకుండా.

అలా అల్లినవాటిలో గొర్రెపిల్ల కథ గొప్పది. మా ఇంట్లో మంద ఉండేది కాబట్టి సరుక్కి కొదవ లేదు. హాస్టల్ కుర్రాళ్ళు మంచం కింద గొర్రెపిల్లను దాస్తారు. వార్డెన్ హాజరు వేస్తుంటే అది అరుస్తుంది. దాన్ని కప్పిపుచ్చడానికి ఒకడు అరుస్తాడు, తర్వాత గదంతా అరుస్తుంది, వార్డెన్ డాక్టరుకు కబురు పెడతాడు. నా పక్కన కూర్చునే స్నేహితురాలు (గొంతును బట్టి బొంగురు అనేవాళ్ళం) నవ్వి నవ్వి నా ఒళ్ళో పడింది. "జర ఆపు పిల్లా, నవ్వుకు హ్యాండిల్ ఆగుతలేదు" అన్నాడు ఆటో మామ. ఇంతలో బడి వచ్చేసింది. మరుసటి వారం కరెంటు ఉంది, టీవీ వాళ్ళ కథే నడిచింది.

పోయిన నెల బొంగురు సూర్యాపేట నుంచి ఫోన్ చేసింది. ఆ సీరియల్ మొత్తం ఎవరో నెట్‌లో పెట్టారట. నేనూ చూశాను. వార్డెన్ మీసం ఒకవైపు ఊడి ఉంటుంది, జోకులు మా ఆటో కన్నా నిదానంగా వస్తాయి, అయినా నవ్వాపుకోలేకపోయాను. అంత మంచి సీరియల్‌ను అప్పట్లో టీవీ వాళ్ళు మధ్యలో ఆపేస్తే బాధపడింది బహుశా మేమిద్దరమే. రెండు రోజులకు మళ్ళీ ఫోన్.

"అన్నీ సూసిన. గొర్రెపిల్లది లేదేందే? మా బిడ్డకు సూపిద్దామని రెండు దినాల సంది దేవులాడుతున్న. ఆ వారం మా అమ్మ మిర్యాలగూడ దవాఖానల ఉండె. గప్పుడు నేను నవ్వింది గా ఒక్కనాడే."

ఇంకా దాచడం నావల్ల కాలేదు. "అది సీరియల్ల లేదే. ఆ వారం మా ఊళ్ళె కరెంటు లేకుండె. నేనే కల్పించి చెప్పిన."

"గదొక్కటేనా?"

"వారం విడిచి వారం."

ఇగ స్నేహం ఖతమే అనుకున్నాను.

"సరే తియ్. మరి గొర్రెపిల్ల దొరికిందా, లేదా? బడి వచ్చిందని గాడనే ఆపితివి. బిడ్డ పక్కనే ఉన్నది, స్పీకర్ పెడుతున్న, చెప్పు."

ఆ ముగింపు నాకు అప్పుడూ తెలియదు, ఆ రోజు నన్ను కాపాడింది బడి గేటే. ఆటోలో కూర్చున్న ఆ అబద్ధాల పిల్ల మీద ఇన్నేళ్ళకు నాకు చెప్పలేనంత ప్రేమ పుట్టుకొచ్చింది. ఇంత వయసొచ్చి, సోఫాలో ఉండి కూడా, చెక్క మీద కూర్చున్నట్టు అంచుకు జరిగాను.

"ఇగ వార్డెన్ మెల్లగ మంచం కిందికి వంగిండు" అని మొదలుపెట్టాను.