అద్దెకు నిలవని తలుపు

మా మరదలు ఎక్కడికెళ్ళినా ముందు కుర్చీ వెతుక్కుంటుంది. కాళ్ళనొప్పులేమో అనుకునేరు, కాదు. తన పని అలాంటిది. హోటళ్ళకీ, ఆఫీసులకీ, ఆసుపత్రులకీ గోడ మీద తగిలించే బొమ్మలు అద్దెకిస్తుంది.

"కుర్చీలూ బల్లలూ అద్దెకిచ్చినట్టా?" అని నన్నడిగినవాళ్ళున్నారు. అలాగే. కాకపోతే కుర్చీలో మనిషి కూర్చుంటాడు, బొమ్మ మీద చూపు కూర్చుంటుంది, అంతే తేడా. నేను బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని, నోరు ఊరుకోదు. మధ్యలో దారి తప్పితే మీరే చెవి పట్టుకుని వెనక్కి లాక్కురండి.

మరదలు పెళ్ళికి ముందు నుంచీ ఫ్రేములు కట్టే షాపులో పనిచేసేది. అద్దం కోయడం, మూలలు కలపడం, వెనక అట్ట బిగించడం, అన్నీ చేతికి అలవాటైన పనులే. ఆఫీసులవాళ్ళు వచ్చి ఒక బొమ్మ కొనుక్కుపోయేవాళ్ళు. ఏడాది తిరక్కుండా "చూసి చూసి మొహం మొత్తిందమ్మా, వేరేది లేదా?" అంటూ మళ్ళీ వచ్చేవాళ్ళు. ఇంకోపక్క బొమ్మలు వేసేవాళ్ళు, అమ్ముడుపోనివి చంకన పెట్టుకొచ్చి, "ఇంట్లో చోటు లేదు, మీ షాపులో ఓ మూల పడుండనివ్వండి" అనేవాళ్ళు. ఇటు బొమ్మల్లేని గోడలు, అటు గోడల్లేని బొమ్మలు. మా మరదలు మధ్యలో నిలబడి సంబంధం కుదిర్చింది.

షాపు వెనక గదే తన గోడౌను. బొమ్మలన్నీ అక్కడ నిలువుగా, మొహానికి మొహం, వీపుకి వీపు ఆనించి ఉంటాయి. మొహానికి వీపు తగిలితే ఒకదాని కొక్కెం ఇంకోదాని మొహాన్ని గీకేస్తుందట. మొదటిసారి చూసినప్పుడు, "అలిగిన పిల్లల్లా ఇలా నిలబెట్టావేంటే?" అన్నాను.

"అలగలేదు వదినా. వంతు కోసం చూస్తున్నాయి," అంది.

ఎవరైనా బొమ్మ కావాలని పిలిస్తే తను గోడ వైపు చూడనే చూడదు. ఆ గదిలో ఉన్న కుర్చీలన్నిట్లోనూ కూర్చుంటుంది. యజమాని కుర్చీలో, వచ్చినవాళ్ళు ఎదురుచూసే సోఫాలో, మూలన కాపలా మనిషి స్టూలు మీద కూడా. ఒక్కోసారి టిఫిన్ బాక్సు అక్కడే విప్పుతుంది. చూసేవాళ్ళకి ఇదేదో భోజనానికి వచ్చినట్టుంటుంది. "గోడ ఎక్కడికీ పోదు వదినా. దాన్ని చూసేవాళ్ళు ఎలా ఉన్నారో తెలియాలి," అంటుంది. హోటలు గదిలో మంచం ఎదురుగా మనిషి మొహం పెట్టదు, ఎవరో చూస్తుంటే నిద్ర పట్టదని. ఇంటర్వ్యూకి వచ్చినవాళ్ళు కూర్చునే చోట కొండెక్కే దారి పెట్టదు, వాళ్ళకి ఇప్పటికే ఆయాసంగా ఉంటుందని. బొమ్మ ఏదో తేల్చుకున్నాక దాని కొలతకి ఖాకీ కాగితం కత్తిరించి గోడకి అంటించి, ఒకరోజంతా వదిలేస్తుంది. కాగితం కుదిరితేనే మేకు కొడుతుంది. ఆరునెలలు కాగానే, ఎంత నచ్చిన బొమ్మయినా సరే, దించి వేరేది పెడుతుంది. "ఎక్కువకాలం ఉంటే బొమ్మ కూడా గోడైపోతుంది" అన్నది తన సిద్ధాంతం.

ఇక మా తమ్ముడు, అంటే తన మొగుడు. షాపుల బోర్డులూ షట్టర్లూ రాసేవాడు. అక్షరం వేశాడంటే ముత్యం. తర్వాత ఫ్లెక్సీలు వచ్చిపడ్డాయి. టీ తాగి వచ్చేలోపు మిషన్లోంచి బోర్డు ఊడిపడుతుంటే కుంచె కోసం ఎవడు ఆగుతాడు? ఖాళీగా ఉన్న రోజుల్లో, పాత బోర్డు తాలూకు ప్లైవుడ్ మీద తన కోసం ఒకే ఒక బొమ్మ వేసుకున్నాడు. నిలువెత్తు తలుపు. పెచ్చులూడిన నీలం రంగు, సగం తెరిచి ఉంది, లోపల్నుంచి గచ్చు మీదికి ఎండ ఏటవాలుగా పడుతోంది. గుమ్మం పక్కన ఒక జత చెప్పులు. జీవితమంతా షట్టర్ల మీద పనిచేసిన చెయ్యి కదా, నిజం తలుపు దాని ముందు దిగదుడుపే.

మరదలు దాన్ని మిగతావాటితో పాటు వరసలో నిలబెట్టింది తప్ప మొగుడిదని ముందుకు జరపలేదు. వంతు వచ్చి తలుపు మొదట ఒక లాయరుగారి ఆఫీసుకి వెళ్ళింది. "తెరిచిన తలుపు చూసి, క్లయింట్లు నేను వెళ్ళిపొమ్మంటున్నాననుకుంటున్నారు," అని ఆయన తిప్పి పంపాడు. తర్వాత ఇళ్ళమ్మే ఆఫీసుకి వెళ్ళింది. వచ్చినవాళ్ళందరూ "ఆ తలుపున్న ఇల్లు చూపించండి" అని పట్టుబట్టారట. అక్కణ్ణుంచీ తిరిగొచ్చింది.

"అక్కా, ఇంకోసారి ఇంటికొచ్చిందంటే తెల్లరంగు కొట్టేసి అల్మారాకి వెనక చెక్కగా బిగిస్తాను. పీడా పోతుంది," అన్నాడు తమ్ముడు. నవ్వుతూనే అన్నాడు. మావాడితో వచ్చిన చిక్కే అది, నవ్వుతూ అన్నమాట కచ్చితంగా చేసి తీరతాడు. పైగా ఆ తలుపు తర్వాత వాడు మళ్ళీ కుంచె పట్టలేదు. అది కూడా పోతే ఇక పట్టడని మా ఇద్దరికీ తెలుసు.

మూడోసారి కొత్తగా కట్టిన హోటలు నుంచి పిలుపొచ్చింది. పొడుగాటి కారిడార్, చివర ఖాళీ గోడ. అక్కడ కుర్చీ లేదు. అయినా అలవాటు మానుతుందా? లాబీలోంచి కుర్చీ తెప్పించుకుని ఆ గోడ ముందు వేసుకుని కూర్చుంది. చాలాసేపు చూసింది. కాగితం అంటించింది. కుదిరింది. తలుపు తగిలించి వచ్చింది.

వారం తిరక్కుండా హోటలు మేనేజరు ఫోను. ఆ సమయానికి నేను గోడౌన్లోనే ఉన్నాను, మరదలు స్పీకరు పెట్టింది.

"మేడమ్, మీ తలుపుకి తాళంచెవి ఎక్కడిచ్చారు?"

"అదేంటండీ?"

"ఒకాయన అది లిఫ్టనుకుని సూట్‌కేసు పట్టుకుని దాని ముందు నిలబడ్డాడు. ఇంకొకావిడ తట్టి, ఎవరూ పలకడం లేదని కిందికి వచ్చి మా మీద అరిచింది. ఇవాళ పొద్దున మా రూమ్ సర్వీసువాడే ట్రే పట్టుకుని వెళ్ళాడు. మావాడే మేడమ్! మీరు దాన్ని తీసుకెళ్ళకపోతే నేను ఉద్యోగం మానేస్తాను."

నాకు నవ్వాగలేదు. మరదలు నవ్వలేదు. ఫోను పెట్టేసి నెమ్మదిగా అంది: "నేను కూర్చుని చూశాను వదినా. కారిడార్లో ఎవరు కూర్చుంటారు? బ్యాగు లాక్కుంటూ, నిద్రమొహంతో, అంత దూరం నుంచి నడిచొస్తారు. నేను ఒక్కసారి నడిచి చూసుంటే తెలిసేది."

తమ్ముడికి చెప్పగానే మొహం చేటంత అయింది. "తట్టిందా? నిజంగా తట్టిందా?" అని పదిసార్లు అడిగి చెప్పించుకున్నాడు. మర్నాడు తలుపు ఇంటికి చేరాక మాత్రం బజారుకెళ్ళి తెల్లరంగు డబ్బా తెచ్చి దాని పక్కన పెట్టాడు.

"ఇంకొక్క కుర్చీ చూడనివ్వండి," అంది మరదలు.

"ఎన్ని కుర్చీలే? ఊళ్ళో కుర్చీలన్నీ అయిపోయాయి."

"ఒక్కటి. ఆ తర్వాత మీ ఇష్టం."

డబ్బా మూత తీయకుండా అలాగే ఉంచాడు. ఆ మాత్రం చాలనుకుంది తను.

దేవుడు నా పన్ను రూపంలో వచ్చాడు. దవడ పన్ను సలిపి సలిపి చంపుతుంటే మరదలే నన్ను పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. మెట్లు దిగి వెళ్ళాలి, కింద గది, ఒక్క కిటికీ లేదు. ఎదురుగా గోడ మీద పుచ్చిపోయిన పన్ను బొమ్మ. పక్కగదిలోంచి మిషన్ గుయ్‌మంటోంది. చెంపలు పట్టుకుని అందరం వరసగా కూర్చున్నాం. నా పక్క కుర్చీలో మరదలు. తర్వాత చూస్తే లేదు, అవతలి కుర్చీలో ఉంది. కాసేపటికి మూలన ఉంది. ఈసారి మెట్ల దాకా వెళ్ళి నడిచి కూడా వచ్చింది.

"ఏమ్మా, నా పన్ను సంగతి చూడ్డానికొచ్చావా, నీ గోడ సంగతా?" అన్నాను, నోరు సగమే తెరిచి.

"వదినా, ఇక్కడ అందరూ దేనికోసం వెతుకుతున్నారో చూశారా? బయటికి దారి కోసం."

డాక్టరమ్మ మొదట ఒప్పుకోలేదు. "నొప్పితో వచ్చేవాళ్ళకి బొమ్మలేం కనిపిస్తాయమ్మా?" అంది. మరదలు వాదించలేదు, ఖాకీ కాగితం అంటించి వచ్చేసింది. మర్నాడు డాక్టరమ్మే ఫోను చేసింది. "ఇక్కడేం రాబోతోందని అందరూ అడుగుతున్నారు. తెచ్చి పెట్టండి, నా ప్రాణం తీస్తున్నారు."

తలుపు అక్కడ నిలిచింది. మిగతా వైద్యానికి వెళ్ళినప్పుడల్లా నేనే విన్నాను. ఆ తలుపు వెనక వంటగదేనని ఒక పెద్దావిడ, కాదు మెట్లున్నాయని ఒక డ్రైవరు. ఆ చెప్పులు ఎవరివన్న దాని మీద మొగుడూపెళ్ళాలు చెంపలు వాచిపోయి కూడా పోట్లాడుకున్నారు. మిషన్ చప్పుడు ఎవరూ పట్టించుకోవడం లేదు. ఇంటికొచ్చి తమ్ముడికి చెబితే, "అదేం కాదు, వట్టి చెక్క," అనేవాడు. కానీ నేను చెప్పడం మర్చిపోతే మాత్రం, "ఇవాళ ఎవరేమన్నారు?" అని వాడే కదిపేవాడు.

ఆరునెలలు అయ్యాయి.

"ఈ ఒక్కదాన్నీ ఉండనియ్యవే. ఇంటికి తెస్తే వాడేం చేస్తాడో తెలుసు కదా," అన్నాను.

"మా ఆయనది ఒక లెక్క, మిగతావాళ్ళది ఒక లెక్కా వదినా? వంతు కోసం చూస్తున్నవాళ్ళకి ఏ మొహం పెట్టుకుని చెప్పను?" అంది. గొంతు మాత్రం అంత గట్టిగా లేదు. ఒక సరస్సు బొమ్మ పట్టుకుని, నన్ను తోడు తీసుకుని వెళ్ళింది.

డాక్టరమ్మ సరస్సు వైపు చూడను కూడా లేదు. "తీసుకెళ్ళేది సరే. ఆ గది లోపల ఎలా ఉంటుందో వేయించి తెచ్చి పెట్టండి. ఇక్కడ జనం పందేలు కాసుకుంటున్నారు."

"ఆయన వెయ్యడం మానేశారండీ."

"పన్ను పీకించుకున్నవాళ్ళు తినడం మానేస్తారా? అడిగి చూడండి."

సరస్సుని తాత్కాలికంగా తగిలించి, తలుపుని ఇంటికి తెచ్చాం. పెరట్లో గోడకి ఆనించి మరదలు ఉన్నదున్నట్టు చెప్పింది. తమ్ముడు విన్నాడు. చెప్పుల దగ్గర వంగి, అంటుకున్న దుమ్ము వేలితో తుడిచాడు.

"లోపల ఏముందని చెప్పావు?"

"నన్నడుగుతారేంటండీ? తలుపు తీసింది మీరు."

వాడు లేచి వెళ్ళి తెల్లరంగు డబ్బా పట్టుకొచ్చాడు. మూత బిగుసుకుపోయి ఉంది. స్క్రూడ్రైవరు పెట్టి లేపుతుంటే, "ఒరేయ్!" అని అరిచాను. మరదలు నా చెయ్యి పట్టుకుంది.

వాడు తలుపుని జాగ్రత్తగా ఎత్తి పక్కకి జరిపాడు. షెడ్డులోంచి ఇంకో ప్లైవుడ్ చెక్క లాక్కొచ్చి అక్కడ నిలబెట్టాడు.

"అరుస్తావేంటక్కా? ముందు తెల్లరంగు కొట్టందే ఏ బొమ్మ మొదలవుతుంది?" అని బ్రష్షు ముంచాడు.

మా మరదలు లోపలికి వెళ్ళింది. ఏడవడానికనుకున్నాను. కుర్చీ తెచ్చుకుని, ఇంకా ఏమీ లేని ఆ తెల్లచెక్కకి ఎదురుగా వేసుకుని కూర్చుంది.